గడ్డి మీద పెట్టిన మంచం

నోలీన్ క్రాడక్ ఆ చలికాలం వంటగది ఒక్కటే తనకుంచుకుని మిగతా ఇంటికి సెలవిచ్చేసింది. మూడు పడకగదుల ఇల్లు అది. మెల్బోర్న్ పడమటి శివారులో ఆమే, ఆమె భర్త రాన్ కలిసి జీవితమంతా వాయిదాలు కట్టి సొంతం చేసుకున్న ఇల్లు. ఇప్పుడు నడవా తలుపు మూసేసి, కింద సందులోంచి చలి రాకుండా పాత తువ్వాలు చుట్టి తోసిపెట్టింది. ముందు గదిలో చనిపోయిన రాన్ కుర్చీ, వెనక గదిలో కుట్టుమిషనూ, పిల్లల కోసమని కట్టించుకుని పిల్లలు పుట్టక చివరికి ఇస్త్రీబట్టల పాలైన మధ్యగదీ, అన్నీ ఆ తలుపు అవతలే చీకట్లో పడి ఉన్నాయి. ఆమె మంచం మాత్రం పొయ్యి పక్కకి వచ్చింది. పొద్దు వాలకముందే ఏదో ఒకటి ఓవెన్‌లో పెట్టేది. అది ఉడికాక ఓవెన్ తలుపు బార్లా తెరిచి, దానికెదురుగా కాళ్లు చాపుకుని కూర్చునేది. కట్టే కరెంటు డబ్బులకి తిండీ రావాలి, వెచ్చదనమూ రావాలి. ఒక్కటే వస్తే ఆమెకి నిద్ర పట్టేది కాదు.

ధరలు ఎప్పుడు చేయి దాటిపోయాయో ఆమెకి సరిగ్గా గుర్తు లేదు. ముందు గొర్రెమాంసం పోయింది. తర్వాత వెన్న పోయింది. పళ్ల వైపు చూడ్డం మానేసింది. ఒకరోజు ఇంటి ఇన్సూరెన్సు కాగితం వచ్చింది. ఈసారి ఎంత కట్టాలో చూసి, ఇల్లు తగలబడితే నయమా, తగలబడకపోతే నయమా అని టీ చల్లారిపోయేదాకా ఆలోచించింది. వృద్ధాప్య పింఛను కూడా పెంచారు, లేదని కాదు. పెంచిన మర్నాడే గుడ్ల ధర పెరిగింది.

అయినా ఆమె నోట కష్టమన్న మాట ఎవరూ వినలేదు. ఆ పేటలో అందరిదీ అదే తంతు. ఎలా ఉన్నావంటే 'పర్లేదు' అంటారు. ఇంటి కప్పు ఎగిరిపోయినా 'పర్లేదు, గాలి బాగా వస్తోంది' అనే రకం. నోలీన్ రోజూ పొద్దున్నే లిప్‌స్టిక్ పూసుకుని మునిసిపాలిటీ గ్రంథాలయానికి వెళ్లేది. అక్కడ వెచ్చగా ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకుని పేపరు తిప్పేది. చుట్టూ ఆమె వయసువాళ్లే మరికొందరు కోట్లు విప్పి కూర్చుని, చదువు మీద ఎక్కడలేని శ్రద్ధ ఒలకబోసేవారు. ఎవరెందుకు వచ్చారో అందరికీ తెలుసు. ఎవరూ ఎవరినీ అడగరు.

పక్కింటి సల్వు ఫారుజాకి కూడా ఆమె వంటగదిలో పడుకుంటోందని తెలియదు. సల్వు మాల్టా దీవి నుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చినవాడు. భార్య పోయింది. కోళ్లూ, బీన్స్ పాదులూ, ఒక నిమ్మచెట్టూ ఉన్నాయి. కంచె మీంచి ఇటు నిమ్మకాయలు వస్తే అటు కేకు ముక్క వెళ్లేది. ఇద్దరికీ రోజూ ఏదో ఒక పోట్లాట ఉండాలి. ఫుట్‌బాల్ గురించో, నిమ్మచెట్టు కొమ్మ ఇటువైపు వాలిందనో. అది లేనిరోజు ఇద్దరికీ ఒంట్లో బాగుండదు.

ఇన్ని కష్టాల మధ్య నోలీన్‌కి ఒక పండగ ఉంది. అది పాతసామాను వారం. ఏడాదికి రెండుసార్లు మునిసిపాలిటీవాళ్లు ప్రకటిస్తారు. ఎవరింట్లో అక్కర్లేని సామాను వాళ్లు తెచ్చి ఇంటి ముందు, కాలిబాటకీ రోడ్డుకీ మధ్య ఉండే గడ్డి మీద పెడతారు. వారం చివర లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. కానీ లారీ వచ్చేలోపే సగం సామాను వీధిలోవాళ్లే పట్టుకుపోతారు. ఒక ఇంటి కుర్చీ రెండిళ్ల అవతల తేలుతుంది. మళ్లీ ఆర్నెల్లకి అదే కుర్చీ ఇంకో గడ్డి మీద కనపడుతుంది.

దీనికీ మర్యాదలున్నాయి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ పుట్టినప్పటి నుంచీ అందరికీ తెలుసు. గడ్డి మీద ఉన్నది అందరిదీ, కంచె లోపల ఉన్నది ఇంటివాళ్లది. మూటలు విప్పి చెల్లాచెదురు చెయ్యకూడదు. అన్నిటికంటే పెద్ద మర్యాద ఏమిటంటే, తలుపు తట్టి అడగకూడదు. అడిగితే పారేసినవాడికీ సిగ్గు, ఏరుకునేవాడికీ సిగ్గు. బండి ఆపాలి, ఎత్తుకోవాలి, పోవాలి. ఇంటివాళ్లు కిటికీలోంచి చూసినా చూడనట్టే ఉంటారు.

రాన్ వదిలివెళ్లిన పాత యూట్ బండి నోలీన్‌కుంది. ముందు ఇద్దరు కూర్చుంటారు, వెనక తొట్టిలో సామాను పడుతుంది. రాన్ రేకుల షెడ్డూ, అతని ఉలీ, సుత్తీ కూడా ఉన్నాయి. ఆమె స్కూలు క్యాంటీన్లో పనిచేసినన్నాళ్లూ సాయంత్రాలు ఆ షెడ్డులో అతని పక్కనే నిలబడి నేర్చుకుంది. విరిగిన కుర్చీ తెచ్చి కాలు అతికించి, నునుపు చేసి, నూనె పట్టించి, శనివారం ఇంటి ముందు పెట్టేది. ఊళ్లోంచి కుర్ర జంటలు కార్లలో వచ్చి, అబ్బ ఎంత పాతకాలపుదో అని మురిసిపోయి కొనుక్కుపోయేవారు. ఆ చలికాలం కరెంటు బిల్లు ఆ డబ్బుతోనే కట్టాలి. వేరే దారి లేదు.

ఆ సోమవారం సన్నగా జల్లు పడుతోంది. వెనకవీధిలో ఇటుక ఇళ్ల వరుస ఒకటుంది, అన్నీ అద్దెవే. ఆఖరి ఇంటి ముందు గడ్డి మీద సామాను చూసి నోలీన్ బ్రేకు వేసింది. మామూలుగా కనపడే తుక్కు కాదది. బల్ల, కుర్చీలు, గిన్నెల పెట్టె, మైక్రోవేవ్, అన్నీ వాడుకునే స్థితిలోనే ఉన్నాయి. వాటి మధ్య చిన్నపిల్లల మంచం. ఎక్కడా ఒక్క మరమేకు కూడా లేకుండా కర్రలో కర్ర దిగేసి చేసిన మంచం. రాన్ చూస్తే ఆ పనితనానికి టోపీ తీసేవాడు.

ఇంత మంచి సామాను పారేస్తున్నారేమిటని ఆమెకి అనుమానం రాకపోలేదు. ఎవరో ముసలావిడ పోయి ఉంటుంది, పిల్లలొచ్చి ఇల్లు ఖాళీ చేస్తున్నారు కాబోలు అనుకుంది. ఇంటి తలుపు మూసి ఉంది. లోపల ఏదో యంత్రం హోరు వినపడుతోంది. నాలుగడుగులు వేసి తలుపు తడితే సరిపోయేది. ఆమె నాలుగడుగులూ వెయ్యలేదు. మర్యాదస్తురాలు మరి. మంచం విడదీసి తొట్టిలోకెత్తి, తడవకుండా తన కోటు కప్పి ఇంటికి తెచ్చుకుంది.

మంచం తలవైపు పలక నిండా స్టిక్కర్లున్నాయి. యాపిల్ పళ్ల మీదా, అరటిపళ్ల మీదా, కమలాల మీదా అంటించి వస్తాయే, గోరంత కాగితాలు, అవి. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, ఆకుపచ్చవీ ఎర్రవీ నీలివీ. ఏ పిల్లరాకాసి పనో ఇది అని నోలీన్ తిట్టుకుంది. గోటితో గీకితే రాలేదు. వేడినీళ్లకి లొంగలేదు. చివరికి నీలగిరి తైలం గుడ్డకి పట్టించి, ఒక మధ్యాహ్నమంతా రుద్ది రుద్ది వదిలించింది. తర్వాత గరుకుకాగితం పట్టింది. తర్వాత నూనె. మర్నాటికి మంచం తళతళలాడుతూ షెడ్డు మధ్యలో నిలబడింది. అటుగా పోతున్న ఒక గర్భిణి చూసి, పొట్ట మీద చేయి వేసుకుని, శనివారం మా ఆయన్ని తీసుకొస్తాను, ఎవరికీ ఇవ్వకండేం అంది. చెప్పిన ధరకి బేరమాడలేదు కూడా. నోలీన్‌కి ఆ సాయంత్రం చాలారోజుల తర్వాత గుండె తేలికపడింది.

బుధవారం సల్వు కంచె దగ్గరికి వచ్చి పిలిచాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"విన్నావా నోలీనూ? ఆ ఇటుక ఇళ్లలో ఒక పిల్ల ఉండేదే, టీగన్ అని, రొట్టెల కొట్లో పనిచేస్తుంది, చిన్న కూతురు కూడా ఉంది. పాపం దాని సామానంతా ఎత్తుకుపోయారట."

తర్వాత మొత్తం చెప్పాడు. ఇంటాయన అద్దె పెంచాడు. ఆ పిల్ల కట్టుకోలేక ఇల్లు ఖాళీ చేసింది. పిన్ని కూతురు ట్రక్కు తెస్తానంది. ఇంటి తివాచీలు శుభ్రం చేసి అప్పగిస్తే గానీ అడ్వాన్సు వెనక్కివ్వరు. అందుకని సామానంతా బయట గడ్డి మీద పెట్టి, కడిగే యంత్రం అద్దెకు తెచ్చి లోపల కడుక్కుంటోంది. ట్రక్కు ఆలస్యమైంది. అది పాతసామాను వారమన్న సంగతి కష్టాల్లో ఉన్న పిల్లకి తట్టలేదు. యంత్రం ఆపి బయటికొచ్చేసరికి గడ్డి మిగిలింది. ఆ గడ్డి మీదే కూర్చుని ఏడ్చిందట.

"సిగ్గులేని కుక్కలు," అన్నాడు సల్వు. "పసిపిల్ల మంచం కూడా వదల్లేదట. ఎలా తిన్నారో అన్నం, ఎలా పడుకున్నారో!"

నోలీన్ ఎటు చూడాలో తెలియక అతని భుజం మీంచి పెరట్లోకి చూసింది. కోళ్ల గూటికి కొత్త తలుపుంది. తెల్లది, చిన్న చిన్న ఊచలతో. పాకే పిల్లలు మెట్లెక్కకుండా ఇళ్లలో అడ్డం పెడతారే, అలాంటిది.

"సల్వూ, ఆ తలుపెప్పుడు పెట్టావు?"

సల్వు వెనక్కి తిరిగి తలుపును చూశాడు. ఎప్పుడూ చూడనట్టు చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గడ్డి మీద ఉందే," అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"నాదీ గడ్డి మీదే ఉంది," అంది నోలీన్.

కోళ్లు మాత్రం ఆగకుండా మాట్లాడుకున్నాయి.

ఆ సాయంత్రం ఆమె ఓవెన్ ముందు కూర్చుంది గానీ వెచ్చదనం ఒంటికెక్కలేదు. మనసు నానారకాల లెక్కలూ చెప్పింది. తను దొంగతనం చెయ్యలేదు. వెయ్యి మంది చేసే పనే చేసింది. శనివారం ఆ గర్భిణి వస్తుంది, బిల్లు తీరిపోతుంది, మంచం ఎక్కడిదో ఎవరికీ తెలియదు. సల్వు చెప్పడు, అతని కోళ్ల తలుపు అతని నోరు మూయిస్తుంది. అన్నీ నిజమే. కానీ ఎక్కడో ఒక పిల్ల నేల మీద పడుకుని ఉంటే, ఆ పిల్ల మంచం తన షెడ్డులో ఖాళీగా ఉంది. ఆ మాట దగ్గరికొచ్చేసరికి లెక్కలన్నీ తప్పిపోయేవి. తెల్లారి లేచి, లిప్‌స్టిక్ పూసుకుని, గ్రంథాలయానికి కాకుండా రొట్టెల కొట్టుకి బయల్దేరింది.

స్టేషను పక్క కొట్టు అది. అద్దం వెనక సన్నగా, జుట్టు వలలో బిగించుకుని ఒక పిల్ల రొట్టెలు కోస్తోంది. జేబు మీద టీగన్ అని పేరుంది. నోలీన్ వంతు వచ్చింది. చెబుదామని నోరు తెరిచి, తనకు అక్కర్లేని రొట్టె ఒకటి అడిగి తీసుకుంది. మళ్లీ వరసలో నిలబడింది. ఈసారి బన్నులు కొంది. మూడోసారి వచ్చేసరికి ఆ పిల్లే నవ్వింది.

"మీరు క్యాంటీన్ నోలీన్ కదూ? నన్ను గుర్తుపట్టరులెండి. స్కూల్లో మాంసం కూరి కాల్చిన 'పై' కొంటే, దాని మీద సాస్‌కి వేరే డబ్బులుండేవి. నా దగ్గర ఉండేవి కావు. మీరు ఎప్పుడూ అడక్కుండానే వేసేసేవారు."

నోలీన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల తనను తిట్టి ఉంటే బాగుండేది.

టీగన్ పని దిగేదాకా బయట బెంచీ మీద, ఒళ్లో రొట్టె పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల కొట్టు వెనక ఆపిన కారు దగ్గరికి నడుస్తుంటే వెంట వెళ్లి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పేసింది.

"నీ కూతురి మంచం నా దగ్గరుంది, తల్లీ. ఎత్తుకుపోయింది నేనే. పారేశారనుకున్నాను. తలుపు తట్టి అడగాల్సింది, అడగలేదు."

టీగన్ చాలాసేపు ఆమె ముఖంలోకే చూసింది. కోపం వచ్చినట్టే వచ్చి ఎటో పోయింది.

"విరిగిపోయిందా?" అంది చివరికి. "అది మా నాన్న చేశాడు."

"విరగలేదు. నూనె పట్టించాను, అద్దంలా ఉంది. ఎక్కడికి తెమ్మంటావో చెప్పు, ఇప్పుడే తెచ్చేస్తాను."

టీగన్ చేతిలో తాళాలు అటూ ఇటూ తిప్పింది.

"ఉంచేసుకోండి," అంది. "తెచ్చి ఎక్కడ పెట్టుకోను?"

అప్పుడు నోలీన్ కారులోకి చూసింది. వెనక సీటు మీద దుప్పటి, దిండు పరిచి ఉన్నాయి. పిల్ల రబ్బరు బూట్లు కింద ఒద్దికగా పక్కపక్కన పెట్టి ఉన్నాయి. కప్పు పెట్టుకునే చోట రెండు బ్రష్షులున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పిన్ని కూతురింట్లో అప్పటికే ఎక్కువమంది ఉన్నారని ఆ ఇంటి అద్దెలు చూసే ఏజెంటు గొడవ చేశాడట. అందుకని ఫుట్‌బాల్ మైదానం పక్కన కారు ఆపుకుంటున్నారట. అక్కడ కుళాయి ఉంది, బాత్రూమ్ ఉంది. అద్దె ఇళ్లు చూస్తూనే ఉందట. వెళ్లిన ప్రతిచోటా గేటు బయటిదాకా జనం.

"పర్లేదు," అంది టీగన్. "మా పిల్ల జూనీ ఇదంతా పిక్నిక్ అనుకుంటోంది."

పర్లేదు. ఆ మాట నోలీన్ జీవితమంతా అంటూనే ఉంది, వింటూనే ఉంది. ఆ పిల్ల నోట విన్నాక, తమ పేటలో అడగడమంటే ఎంత భయపడతారో, అడగకపోవడానికి ఎంత మర్యాద తొడుగుతారో ఆ క్షణాన ఆమెకి కళ్లకు కట్టింది. తనూ అంతే కదా. రాన్ పోయాక ఎవరినీ ఏదీ అడగలేదు. అడగాల్సి వస్తుందని ఇల్లంతా మూసుకుని పొయ్యి పక్కన పడుకుంటోంది.

"నేనొకటి అడుగుతాను, కాదనకు," అంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నా ఇంట్లో మూడు గదులు మూసిపెట్టి ఉన్నాయి. వాటిని వెచ్చపెట్టుకునే స్తోమత నాకు లేదు. వంటగదిలో పడుకుంటున్నాను. పక్కింటాయనకి కూడా చెప్పలేదీ మాట. కరెంటులో సగం, సరుకుల్లో సగం పెట్టుకునే మనిషి దొరికితే నేను మళ్లీ ఇంట్లో బతుకుతాను. నాకా సాయం చేస్తావా?"

"మీరు నా మీద జాలి పడుతున్నారు."

"జాలా? నీ మంచం ఎత్తుకుపోయినదాన్ని, నీ మీద జాలి పడే మొహమేనా ఇది?"

టీగన్‌కి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ముఖం వంకర్లు పోయింది. కారు పైకప్పు మీద చేతులానించి, చేతుల్లో ముఖం దాచుకుంది. నోలీన్‌కి ఓదార్చడం చేతకాదు. సంచీలోంచి బన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది.

"రాత్రుళ్లు జూనీకి దగ్గొస్తోంది," అంది టీగన్, బన్ను తినకుండా పట్టుకుని. "అందుకు వస్తాను."

"అందుకే రా," అంది నోలీన్.

ఆ మధ్యాహ్నం నోలీన్ నడవా తలుపు కింద తువ్వాలు లాగి పారేసి గదులన్నీ తెరిచింది. దుమ్ము దులిపింది. మధ్యగదిలో ఇస్త్రీబట్టల కుప్ప తీసి, సల్వుని కేకేసి, ఇద్దరూ కలిసి మంచం బిగించారు. ఈ గదిలో చిన్న మంచం వెయ్యాలని ఒకప్పుడు రానూ ఆమే ఎన్నెన్ని కొలతలు తీసుకున్నారో. కిటికీ కింద సరిగ్గా పట్టింది. ఆమె కాసేపు గోడకి ఆనుకుని నిలబడింది. సల్వు చూసీ చూడనట్టు సుత్తి వెతుక్కున్నాడు.

సల్వు ఊరుకునే మనిషి కాదు. కోళ్ల గూటి తలుపు ఊడదీసి మూడుసార్లు సబ్బుతో కడిగాడు, అయినా వాసన పోలేదు. తర్వాత వీధి వీధీ తిరిగి, ఇంటింటి గుమ్మంలోనూ నిలబడి, ఒక పసిపిల్ల సామాను ఎలా పోయిందో, ఆ తల్లీకూతుళ్లు ఇప్పుడు నోలీన్ ఇంటికి ఎలా వస్తున్నారో చెప్పి వచ్చాడు. ఫలానాది మీరు తీసుకున్నారా అని ఎవరినీ అడగలేదు. చెప్పి, నిట్టూర్చి, వచ్చేశాడు. తన కోళ్ల సంగతి మాత్రం ఎక్కడా ఎత్తలేదనుకోండి.

శుక్రవారం తెల్లారి నోలీన్ తలుపు తీసేసరికి ఇంటి ముందు గడ్డి మీద బల్ల ఉంది. కుర్చీలున్నాయి. గిన్నెల పెట్టె ఉంది. మైక్రోవేవ్ పైన వాన పడకుండా ఎవరో ప్లాస్టిక్ సంచీ తొడిగారు. టీగన్‌వి కానివి కూడా వచ్చి చేరాయి: బంగాళాదుంపల బస్తా, పిల్లల సైకిలు, గదిని వెచ్చచేసే హీటరు ఒకటి. ఎవరూ తలుపు తట్టలేదు. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు.

తీరా చూస్తే అది లారీ వచ్చే రోజు. లోపలికి మొయ్యడానికి టీగన్ పని దిగి రావాలి, సల్వు నడుము పట్టేసి పడుకున్నాడు. నోలీన్ ఒకప్పుడు రాన్ వేసుకునే ఫుట్‌బాల్ జట్టు మఫ్లరు మెడకు చుట్టుకుని, ఆ కుర్చీల్లోనే ఒకదాని మీద కూర్చుని కాపలా కాసింది. వచ్చిన ప్రతి కారూ ఆగేది. ఇది పాతసామాను కాదు, పోండి పోండి అని తోలేసేది. ఒకాయన ఆమె కూర్చున్న కుర్చీ ఎంతకిస్తావన్నాడు. మధ్యాహ్నం లారీ వచ్చింది. దిగిన కుర్రాడు సామాన్నీ, మధ్యలో మఫ్లరుతో కూర్చున్న ఆమెనీ చూసి, మిమ్మల్ని కూడా ఎక్కించుకోమంటారా అన్నాడు. చిన్నప్పుడు క్యాంటీన్లో ఆమె చేతి మాంసం పైలు తిన్నవాడేనట. ఆమె తిట్టిన తిట్లకి నవ్వుకుంటూ పోయాడు.

మర్నాడు శనివారం ఆ గర్భిణి వచ్చింది. నోలీన్ ఉన్నదున్నట్టు చెప్పి క్షమించమంది. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, షెడ్డులో నోలీన్ బాగుచేసి ఉంచిన రెండు కుర్చీలు కొనుక్కుపోయింది. మంచమంత డబ్బు రాలేదు. అయినా ఈసారి బిల్లుకి రెండో చెయ్యి ఉంది.

తల్లీకూతుళ్లు శుక్రవారం సాయంత్రమే, టీగన్ పని దిగగానే, కారులో ఉన్న మూటలతో వచ్చి దిగారు. జూనీకి నాలుగేళ్లుంటాయేమో. రబ్బరు బూట్లు విప్పకుండానే గదులన్నీ చుట్టి, మధ్యగదిలోకి వెళ్లి మంచం చూసి, నాది అని అరిచింది. పరిగెత్తి ఎక్కింది. తలవైపు పలక మీద అరచేయి ఆనించి అటూ ఇటూ రాసింది. మళ్లీ రాసింది.

"నా పళ్లేవీ?"

టీగన్ గబగబా ముందుకొచ్చింది. "పర్లేదు జూనీ, మళ్లీ అంటించుకుందువుగాని."

"పర్లేదు కాదు," అంది జూనీ. "అన్నీ ఉండాలి. నేను తిన్నవన్నీ."

నోలీన్ మోకాళ్ల మీద కూర్చుంది. లేవడం కష్టమని తెలిసీ కూర్చుంది. "నేనే తుడిచేశాను, బంగారూ. అవి నీవని తెలియక తుడిచేశాను. నాది తప్పు."

పిల్ల ఆమెను తేరిపార చూసింది. ఈ ముసలావిడ అబద్ధం చెప్పడం లేదని తేల్చుకున్నాక, ఓపిగ్గా వివరించింది.

"అమ్మ పండు కోస్తుంది. నేను తింటాను. స్టిక్కరు అంటిస్తాను. అన్నీ నావే. అమ్మకి పళ్లంటే ఇష్టం లేదు."

నోలీన్ తలెత్తి టీగన్ వైపు చూసింది. టీగన్ కిటికీ వైపు తిరిగి, అక్కర్లేకపోయినా పరదా సర్దుతోంది. ఆ పలక నిండా ఎన్ని ఉండేవి! నీలగిరి తైలంతో రుద్ది రుద్ది, ఏ పిల్లరాకాసి పనో అని తిట్టుకుంటూ తను వదిలించినవన్నీ ఆ తల్లి తినకుండా దాచి పెట్టిన పళ్లు. నోలీన్‌కి కళ్లలో నీళ్లు నిలవలేదు. తుడుచుకోనూ లేదు.

మంచం కోడు పట్టుకుని ఎలాగో లేచింది. కోటు వేసుకుని వీధి చివర కొట్టుకి నడిచింది. సల్వు చెట్టు నిమ్మకాయలు బుట్టెడున్నాయి గానీ వాటికి స్టిక్కర్లుండవు. ఎన్నాళ్లుగానో పళ్ల వైపు చూడని మనిషి, నిలబడి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, స్టిక్కరు సరిగ్గా అంటుకుని ఉన్న కమలాలు ఏరుకుంది.

వంటగది మళ్లీ వంటగదిలా ఉంది. ఆమె మంచం వెళ్లిపోయిన చోట టీగన్ బల్ల, టీగన్ కుర్చీలు వచ్చాయి. ఓవెన్‌లో బంగాళాదుంపలు వేగుతున్నాయి. నోలీన్ మూడు ప్లేట్లు తీసి కమలాలు ఒలిచి, తలా ఒకటి పెట్టింది. టీగన్ తన ప్లేటు మెల్లగా కూతురి వైపు తోసింది.

"నాకొద్దులెండి. నాకంత ఇష్టం ఉండదు."

"ఆ మాట ఈ ఇంట్లో చెల్లదు," అంది నోలీన్, ప్లేటు వెనక్కి జరిపి. "తిను."

టీగన్ ఒక తొన విడదీసింది. దాని మీది తెల్లటి పీచు తీసింది. ఇంకా తీస్తూనే ఉంది. చివరికి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు నమలకుండా అలాగే ఉంది. తర్వాత రెండోది, మూడోది, ఆగకుండా, రసం మణికట్టు మీదికి కారుతున్నా పట్టించుకోకుండా తినేసింది. జూనీ చేతిలో స్టిక్కరు పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది. అమ్మకి కమలాలంటే ఎంత ఇష్టమో ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.